పన్ను తీయించుకునే ముందు ఆ మాత్ర ఆపాలా?

నాకు ఇప్పటికి మూడు పళ్ళు తీశారు. మూడూ రక్తం తేలిగ్గా గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర మొదలుపెట్టాక పోయినవే. మొదటి పన్నుకి మాత్ర ఆపేసి వెళ్ళాను. రక్తం పెద్దగా కారలేదు. కానీ నేను చేసినవాటిలో పెద్ద తప్పు అదేనని తర్వాత తెలిసింది. రెండో పన్నుకి మాత్ర ఆపలేదు. పన్ను సులువుగానే వచ్చింది, గాయం మానుతోందిలే అనుకున్న ఐదో రోజు రాత్రి దిండు తడిసిపోయింది. మూడో పన్నుకి అన్నీ అడిగి, రాసుకుని, లెక్క చూసుకుని వెళ్ళాను. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, కావలసింది అదేగా.

ఉద్యోగరీత్యా లెక్కలు రాసే మనిషిని. పద్నాలుగేళ్ళ క్రితం గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ పెట్టారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని టిక్కు టిక్కు నాకు వినిపిస్తుంది. అప్పటినుంచీ ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష, అంకె పెరిగేకొద్దీ ఆలస్యం ఎక్కువ) ఎప్పుడు చేయించుకున్నా తేదీ, అంకె, ఆ వారం కొత్తగా వేసుకున్న మందులు ఒక నోట్‌బుక్కులో రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవి ఆ నోట్‌బుక్కులోంచీ, నన్ను చూసే గుండె డాక్టరు గారూ పళ్ళ డాక్టరు గారూ విసుక్కోకుండా చెప్పిన జవాబుల్లోంచీ తీసినవి. నేను డాక్టర్ని కాను. మీ మాత్రల డోసు మార్చేది మీ డాక్టరే. కానీ ఏం అడగాలో తెలిసిన పేషెంటుకీ తెలియని పేషెంటుకీ చాలా తేడా ఉంటుంది.

మీది ఏ మాత్ర?

అందరూ "రక్తం పలచబడే మాత్ర" అంటారు. ఆ పేరే తప్పు. రక్తం నీళ్ళలా అయిపోదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందన్నదాన్ని బట్టి ఈ మందులు రెండు రకాలు.

గాయం కాగానే ముందు పరిగెత్తుకొచ్చేవి ప్లేట్‌లెట్లు. ఒకదానికొకటి అతుక్కుని కన్నాన్ని మూస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ వీటిని అతుక్కోనివ్వవు. ఆస్పిరిన్ తాకిన ప్లేట్‌లెట్ ఇక బతికినన్నాళ్ళూ పనికిరాదు. దాని ఆయుష్షు వారం నుంచి పది రోజులు. అంటే "ఒక్క రోజు ఆస్పిరిన్ మానేసి వచ్చాను డాక్టర్" అని గర్వంగా చెప్పినా ఒరిగేదేమీ లేదు.

ప్లేట్‌లెట్లు వేసిన ఆ కచ్చా కుట్టు మీద ఫైబ్రిన్ అనే దారాలు అల్లుకుంటేనే గడ్డ గట్టిపడుతుంది. వార్ఫరిన్, దాని అన్నదమ్ముడు అసినోకుమరాల్ పనిచేసేది ఇక్కడ. విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే గడ్డకట్టే పదార్థాలను తగ్గించేస్తాయి. ఎక్కడానికీ రోజులు పడుతుంది, దిగడానికీ రోజులు పడుతుంది. కొత్త తరం మాత్రలు అపిక్సబాన్, రివరాక్సబాన్, ఎడాక్సబాన్, డాబిగాట్రాన్. ఇవి గంటల్లో ఎక్కి, మూత్రపిండాలు బాగుంటే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి.

వార్ఫరిన్ పుట్టుక చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులకు కొమ్ములు కోస్తే రక్తం ఆగక చచ్చిపోయేవి. ఆ గడ్డిలో ఏముందని వెతుకుతూ పోయి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం డైకుమరాల్‌ను పట్టుకుంది. దాని దారిలోనే వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కి, 1954లో మనుషుల మందయింది. కొమ్ము కోసిన చోటు, పన్ను తీసిన గుంట దాదాపు ఒకటే. ఎముకలో నోరు తెరుచుకున్న గాయం. దాని అంచుల్ని దగ్గరికి లాగి పూర్తిగా మూసేయడం కుదరదు. గుంటలో నిండిన రక్తం గడ్డకట్టి అక్కడే కూర్చోవాలి. అందుకే చెయ్యి తెగితే ఆగిపోయే రక్తం పన్ను దగ్గర మొండికేస్తుంది.

ఆపితే ఏమవుతుంది

మొదటి పన్ను నాటికి వాల్వ్ పెట్టి మూడేళ్ళు. పళ్ళ క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "ఐదు రోజులు ఆ టాబ్లెట్ ఆపి రండి మేడమ్" అంది. నేనూ మంచిదే కదా అని ఆపేశాను. గుండె డాక్టరు గారిని అడగాలన్న ఆలోచనే రాలేదు. పన్ను తీశారు, గంటలో రక్తం ఆగింది. మర్నాడు మామూలు చెకప్‌కి వెళ్తే ఐఎన్ఆర్ 1.2 వచ్చింది. నాది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. డాక్టరు గారు కాగితం బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "పన్ను గుంటలో రక్తం కారితే వేలు పెట్టి నొక్కి ఆపుతాం. వాల్వ్ మీద గడ్డ కట్టి మెదడుకి పోతే ఎక్కడ నొక్కాలమ్మా?"

ఈ ప్రశ్న గుర్తుంటే మిగతావి గుర్తుపెట్టుకోవడం సులువు. గుండె లయ తప్పే జబ్బు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఉన్నవాళ్ళకీ, కాలి సిరల్లో గడ్డలు వచ్చినవాళ్ళకీ, స్టెంట్ వేయించుకున్నవాళ్ళకీ వాళ్ళ వాళ్ళ మాత్ర పక్షవాతానికో, ఊపిరితిత్తుల్లో గడ్డకో, గుండెపోటుకో అడ్డుగోడ. పన్ను కోసం గోడ కూల్చుకోకూడదు.

ఇప్పుడు పళ్ళ డాక్టర్లు పాటిస్తున్న పద్ధతి ఇది. వార్ఫరిన్ వాడేవాళ్ళకి ఐఎన్ఆర్ 4 కన్నా తక్కువ ఉంటే మామూలుగా పీకే పన్నుకి మాత్ర ఆపనక్కర్లేదు. ఆ పరీక్ష పన్ను తీసే ముందు 24 గంటల లోపుది అయితే మంచిది. చాలాకాలంగా అంకె ఊగకుండా నిలకడగా ఉన్నవాళ్ళకి 72 గంటల లోపుదైనా ఒప్పుకుంటారు. నెల క్రితం రిపోర్టు పట్టుకెళ్ళి "నాది ఎప్పుడూ బాగానే ఉంటుందండీ" అంటే కుదరదు. 4 దాటితే పన్ను ఆగుతుంది, మీరు గుండె డాక్టరు దగ్గరికి వెళ్తారు.

కొత్త తరం మాత్రలకి ఐఎన్ఆర్ చూసి లాభం లేదు, ఆ పరీక్షలో వాటి బలం సరిగా తెలియదు. ఒకటి నుంచి మూడు పళ్ళు మామూలుగా తీసేటట్టయితే వీటినీ సాధారణంగా ఆపరు. వేసుకున్న ఒకటి నుంచి నాలుగు గంటల్లో వీటి బలం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఏ టైముకి వేసుకున్నారో డాక్టరుకి చెప్పాలి. చిగురు కోసి, ఎముక తొలిచి తీయాల్సిన పన్నయినా, ఒకేసారి ఎక్కువ పళ్ళయినా ఆ రోజు పొద్దుటి డోసు మానమనో, రివరాక్సబాన్ లాంటిదయితే వెనక్కి జరపమనో చెప్తారు. అది మీ అంతట మీరు తీసుకునే నిర్ణయం కాదు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో టైముతో సహా కాగితం మీద రాయించుకోండి. ఆపమన్న సంగతి అందరికీ గుర్తుంటుంది, మొదలుపెట్టాల్సిన గంటే మర్చిపోతారు.

ఆస్పిరిన్ ఒక్కటే వాడేవాళ్ళు దిగులుపడాల్సిన పని లేదు. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా ఉంటే రక్తం కాస్త ఎక్కువసేపే ఊరుతుంది, ఎక్కువసేపు నొక్కిపట్టాల్సి వస్తుంది, కానీ ఆగుతుంది. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయితే, పన్ను ఆగగలిగితే, పన్నునే వాయిదా వేస్తారు తప్ప మాత్రని కాదు.

వెళ్ళే ముందు

మీరు వేసుకునే ప్రతిదీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదీ అంటే డాక్టరు రాసినవే కాదు. మోకాలి నొప్పికి అప్పుడప్పుడూ వేసుకునే మాత్ర, చేప నూనె క్యాప్సూల్, జింకో, వెల్లుల్లి క్యాప్సూళ్ళు, డిప్రెషన్‌కి వాడే మాత్రలు, అన్నీ. నిద్ర మాత్ర సంగతి చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళున్నారు, అదీ రాయండి. కిడ్నీ, లివర్ సమస్యలుంటే పైన పెద్దక్షరాలతో రాయండి. కిడ్నీ సరిగా పనిచేయకపోతే కొత్త తరం మాత్రలు ఒంట్లో పేరుకుంటాయి, లివర్ బాగోకపోతే గడ్డకట్టే పదార్థాలే తక్కువ తయారవుతాయి. బీపీ మాత్ర ఆ రోజు మానకండి. బీపీ పెరిగితే ఊరే రక్తమూ పెరుగుతుంది.

అపాయింట్‌మెంట్ పొద్దున పూటే అడగండి, అదీ వారం మొదట్లో. పన్ను తీశాక రక్తం తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రోజూ రెండో రోజూ. శనివారం సాయంత్రం తీయించుకుంటే ఆ గొడవంతా క్లినిక్ తలుపులు మూసి ఉన్నప్పుడు వస్తుంది.

నాలా కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా అని. చిగుళ్ళలోంచి రక్తంలోకి పోయే బ్యాక్టీరియా వాల్వ్ మీద కూర్చోకుండా గంట ముందు ఒక పెద్ద డోసు ఇస్తారు. అమోక్సిసిలిన్ అయితే మామూలుగా పెద్దవాళ్ళకి 2 గ్రాములు, ఒక్కసారే. పెన్సిలిన్ పడదంటే వేరేది ఇస్తారు.

ఇంకో మాట. కొందరు ఎముకల బలానికి అలెండ్రోనేట్, జోలెడ్రానిక్ యాసిడ్ లాంటివి వాడుతుంటారు. అవి రక్తం కారించవు గానీ పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చేసే ప్రమాదం ఉంది. ఆ కథ వేరు, అయినా కాగితంలో రాయడం మర్చిపోకండి.

కుర్చీలో కూర్చున్నాక మీ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ముందే అడిగిపెట్టుకోవాల్సినవి నాలుగు: ఎన్ని పళ్ళు ఒకేసారి తీస్తారు, రక్తం ఆగడానికి గుంటలో జెలటిన్ స్పాంజి గానీ ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ గానీ పెడతారా, కుట్లు వేస్తారా, రాత్రి రక్తం వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి. చివరి ప్రశ్నకి "ఏం కాదు లెండి" అని జవాబొస్తే నేనయితే ఇంకో డాక్టర్ని వెతుక్కుంటాను.

గాజ్ గుడ్డ కరిచిపట్టడం

ఇందులో నేర్చుకోవడానికి ఏముందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇంట్లో రక్తం ఆగకపోవడానికి నేను విన్న కారణాల్లో సగం ఇక్కడివే. ముందు గుడ్డ మందం చూడండి. పల్చటి గుడ్డ పళ్ళ మధ్య పెడితే పక్క పళ్ళు ఒకదానికొకటి తగిలి, ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. గుంట మీద గుడ్డ ఊరికే కూర్చుని ఉంటుంది. మడతలు పెట్టి, మీ బొటనవేలి చివరంత లావు ఉండ చేసి, కొద్దిగా తడిపి పిండి, సరిగ్గా గుంట మీద పెట్టాలి. పొడి గుడ్డ అయితే గడ్డకి అంటుకుని, తీసేటప్పుడు దాన్ని కూడా పీక్కొస్తుంది. నోరు మూస్తే గుంట చిగురు మీద నొక్కుతున్నట్టు తెలియాలి. తెలియకపోతే ఇంకో మడత పెట్టండి.

ఆ తర్వాత గడియారం చూసుకుని ముప్ఫై నిమిషాలు. ఈ ముప్ఫై నిమిషాల్లో మాట్లాడకూడదు, నమలకూడదు, ఆగిందా లేదా అని తీసి చూడకూడదు. అన్నిటికన్నా కష్టం ఈ ఆఖరిదే. ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తే ప్రతిసారీ అప్పుడే అతుక్కోబోతున్న గడ్డ ఊడి వస్తుంది, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు. మా అబ్బాయి మొదటి రోజు "ఏదమ్మా, చూపించు" అని టార్చి పట్టుకుని మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి చెయ్యి అడ్డం పెట్టాను.

రక్తం ఎంత పోతోందన్న లెక్కలోనూ పొరపడతాం. ఒక్క చెంచాడు రక్తం నోట్లో ఉమ్మితో కలిస్తే బేసిన్ అంతా ఎర్రగా కనిపిస్తుంది. మొదటి 24 గంటలు ఉమ్మి గులాబి రంగులో ఉండటం, దిండు మీద చిన్న మరక కనబడటం మామూలే. అంతకన్నా ముఖ్యం, ఉమ్మేయకండి. ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం, గట్టిగా పుక్కిలించడం, ఇవన్నీ నోట్లో గుంజుడు పుట్టించి గడ్డని లాగేస్తాయి. నోట్లో చేరితే తల వంచి దానంతటదే జారిపోనివ్వండి. నాలుకతో ఆ గుంటని తడమడం కూడా మానుకోవాలి, నాకయితే అది కడదాకా సాధ్యం కాలేదు.

ఇంటికి వచ్చిన రెండు మూడు గంటలకి రక్తం మళ్ళీ మొదలైతే హడలిపోకండి. మత్తు ఇంజెక్షన్‌లో సాధారణంగా అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. అది దిగిపోయాక నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి, క్లినిక్‌లో పొడిగా కనిపించిన గుంట ఊరడం మొదలుపెడుతుంది. కొత్త గుడ్డ మడిచి మళ్ళీ ముప్ఫై నిమిషాలు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. ఆ రోజు వేడివేడివి తాగడం, బరువులెత్తడం, సిగరెట్, మద్యం వద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి, పుక్కిలించకండి.

ట్రానెక్సామిక్ యాసిడ్ గురించి తప్పక అడగండి. ఒకసారి కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడే మందు ఇది. 5 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు నోట్లో రెండు నిమిషాలు ఉంచుకుని వదిలేయడం, రోజుకి నాలుగుసార్లు, రెండు రోజులు, ఇది బాగా వాడుకలో ఉన్న పద్ధతి. రెడీమేడ్ ద్రావణం దొరకని చోట ఇంజెక్షన్ ఆంప్యూల్‌లోని మందుతో గాజ్ తడిపి పెట్టే డాక్టర్లున్నారు. నాకు అలాగే చేశారు. నోట్లో పైపైన పనిచేస్తుంది కాబట్టి వార్ఫరిన్‌తో గొడవపడదు. ఆ మందే మాత్రగా మింగాలా అన్నది వేరే సంగతి, గడ్డలు కట్టే జబ్బున్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా మింగకూడదు.

ఐదో రోజు రాత్రి

రెండో పన్ను కింది దవడలో చివరిది. ఐఎన్ఆర్ 2.9. పద్ధతి ప్రకారమే తీశారు, రెండు కుట్లు వేశారు, సాయంత్రానికి ఆగింది. చిగుళ్ళలో చీము ఉందని అమోక్సిసిలిన్, మెట్రోనిడాజోల్ అనే యాంటీబయాటిక్‌లు రాశారు. మందుల షాపులో తీసుకుని వచ్చి వేసుకోవడం మొదలుపెట్టాను. వార్ఫరిన్ వేసుకుంటున్నానని పళ్ళ డాక్టరుకి తెలుసు. కానీ రాసింది ఆయన కాదు, పక్క గదిలో జూనియర్. ఆ ఐదు రోజులూ నా నోట్‌బుక్కులో కొత్త మందుల గడి ఖాళీగా ఉంది. లెక్కలు రాసే మనిషిని, నేనే రాయలేదు.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది, నోట్లో ఇనుప రుచి. లైటు వేస్తే దిండు మీద అరచేతి వెడల్పు మరక. అద్దంలో చూస్తే గుంట మీంచి ఒక ముదురు ఎరుపు ముద్ద పైకి ఉబ్బి, పక్క పన్ను మీదికి పాకి ఉంది. పచ్చి కాలేయం ముక్కలా మెరుస్తోంది, తాకితే జారిపోతోంది. గడ్డ కట్టింది కదా, మంచిదేగా అనుకున్నాను. దాని మీదే గుడ్డ పెట్టి అరగంట కరిచిపట్టాను. ముద్ద పక్కనుంచి సన్నగా రక్తం కారుతూనే ఉంది.

పళ్ళ డాక్టర్లు దాన్ని లివర్ క్లాట్ అంటారు. అది మంచి గడ్డ కాదు. లోపల ఊరుతున్న రక్తం బయటికొచ్చి వదులుగా పేరుకుంటూ, కింద కన్నాన్ని మూసుకోనివ్వదు. దాని మీద ఎంత నొక్కినా ఆ ఒత్తిడి గుంట దాకా పోదు. తడి గాజ్‌తో ఆ ముద్దని తుడిచి తీసేసి, అప్పుడు శుభ్రమైన గుడ్డ సరిగ్గా గుంట మీద పెట్టి నొక్కాలి. పైకి ఉబ్బకుండా గుంట లోపలే చిగురు మట్టానికి కూర్చున్న గడ్డ జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి. ఫోన్‌లో రాత్రి నంబరు ఎత్తిన డాక్టరు గారు చెబితే మా అబ్బాయి తుడిచాడు. చేతులు వణుకుతూనే "తల ఇటు తిప్పమ్మా" అని తిప్పి తిప్పి తుడిచాడు. రక్తం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. ఇంకో అరగంట చూసి ఆస్పత్రికి వెళ్ళాం.

ఐఎన్ఆర్ 6.2.

మెట్రోనిడాజోల్ వార్ఫరిన్‌ని కరగనివ్వదు. కాలేయంలో వార్ఫరిన్‌ని విరగ్గొట్టే ఎంజైముని అడ్డుకుంటుంది. నేను వేసుకున్నది రోజూ వేసుకునే అదే మాత్ర, కానీ ఒంట్లో దాని బలం రోజురోజుకీ పెరుగుతూ పోయింది. గుంటని మళ్ళీ కడిగి, స్పాంజి పెట్టి, ఇంకో రెండు కుట్లు వేశారు. వార్ఫరిన్ రెండు డోసులు ఆపమని, యాంటీబయాటిక్ మార్చి, రోజు విడిచి రోజు ఐఎన్ఆర్ చూశారు. మా అబ్బాయి "విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చేస్తే పోదా?" అని అడిగాడు. లోహపు వాల్వ్ ఉన్న మనిషికి పెద్ద డోసు ఇస్తే ఆ తర్వాత రోజుల తరబడి వార్ఫరిన్ పనిచేయకుండా పోతుంది, వాల్వ్ మీద గడ్డ భయం మొదలవుతుంది అన్నారు. ఆ డాక్టరు గారికి కూడా గుండె డాక్టరు గారి ప్రశ్నే మనసులో ఉందన్నమాట.

అప్పటినుంచి పన్ను తీశాక ఇచ్చే చీటీని నేను వరసగా చదువుతాను. మెట్రోనిడాజోల్ ఉందా? క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఉన్నాయా? ఫ్లూకొనజోల్ ఉందా? వార్ఫరిన్ వాళ్ళకి ఇవన్నీ అంకె పెంచేవే. అమోక్సిసిలిన్ వీటికన్నా నయం, అయినా కొందరిలో అదీ పెంచుతుంది. అందరూ మర్చిపోయేది ఒకటుంది, నోటిపూతకి పూసే మైకొనజోల్ జెల్. పూసేదే కదా అనుకుంటాం, కానీ అది మింగుడుపడి వార్ఫరిన్ బలాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది. తప్పనిసరై వీటిలో ఏదైనా వాడాల్సి వస్తే మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ మళ్ళీ చూపించుకోవాలి. కొత్త తరం మాత్రలు వాడేవాళ్ళు కూడా క్లారిత్రోమైసిన్ పేరు కనబడితే ఆగి అడగాలి.

నొప్పికి పారాసిటమాల్. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కలిసిన నొప్పి మాత్రలు వద్దు. ఇవి ప్లేట్‌లెట్లనీ దెబ్బతీస్తాయి, కడుపులోనూ రక్తం కారించగలవు. రెండు పేర్లు కలిపిన మాత్ర ఇస్తే అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి, పారాసిటమాల్ పక్కన ఎవరు నక్కి కూర్చున్నారో తెలుస్తుంది. పారాసిటమాల్ అయినా నాలుగైదు రోజులు పూర్తి డోసులో వాడితే వార్ఫరిన్ అంకె కొంచెం పెరగొచ్చు.

ఎప్పుడు పరిగెత్తాలి

ముద్ద తుడిచి సరిగ్గా నొక్కిపట్టి ముప్ఫై నిమిషాలు, ఆ తర్వాత ఇంకో ముప్ఫై. రెండోసారి తీసినప్పుడూ రక్తం ధారగా వస్తుంటే, నోరు మాటిమాటికీ నిండుతుంటే ఇంకా ఇంట్లో ప్రయోగాలు వద్దు. పళ్ళ డాక్టరు దొరక్కపోతే నేరుగా ఎమర్జెన్సీకి. మందుల కాగితం వెంట తీసుకెళ్ళండి.

కింది దవడ పన్ను తీశాక నాలుక కింద గానీ గొంతు కింద గానీ వాపు పెరుగుతుంటే, నాలుక పైకి లేస్తున్నట్టుంటే, గొంతు మారితే, మింగలేకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. బయటికి చుక్క రక్తం రాకపోయినా సరే. లోపల కారి చేరిన రక్తం ఊపిరి దారిని మూసేయగలదు. కళ్ళు తిరిగి చెమటలు పట్టినా అంతే, వెంటనే వెళ్ళాలి. నల్లటి మలం పడితే కడుపులో రక్తం కారుతుండొచ్చు, మింగిన రక్తం వల్ల కూడా కావచ్చు, అయినా చూపించుకోవాలి.

చెంప మీద, మెడ మీద నీలం మచ్చ వచ్చి రోజులు గడిచేకొద్దీ కిందికి జారుతూ ఆకుపచ్చగా, పసుపుగా మారితే అది చూడ్డానికి ఘోరంగా ఉంటుందే తప్ప దానంతటదే పోతుంది. నాకు రెండో పన్ను తర్వాత గొంతు దాకా దిగింది. ఆఫీసులో అందరూ జాలిగా చూశారు.

వారం దాటాక కొత్తగా రక్తం మొదలైతే అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు అనుమానించాలి. నొక్కి ఆపుకున్నా వెళ్ళి చూపించుకోండి.

మూడో పన్ను ఒక సోమవారం పొద్దున తీశారు. ఆ ముందురోజు ఐఎన్ఆర్ 2.7. చీటీలో మెట్రోనిడాజోల్ పేరు కనబడితే నేనే అడిగాను, కొట్టేసి వేరేది రాశారు. స్పాంజి, రెండు కుట్లు, ట్రానెక్సామిక్ తడిపిన గాజ్, ముప్ఫై నిమిషాలు. రాత్రి మాత్ర మామూలు టైముకే వేసుకున్నాను. శుక్రవారం మళ్ళీ ఐఎన్ఆర్ చేయించుకుంటే 3.1 వచ్చింది. నోట్‌బుక్కులో ఆ వారం కొత్త మందుల గడి నిండుగా ఉంది.